కొండల్లో ఒక ద్విపద

తీగ అనగానే మన కావ్యాలకు నడుము గుర్తొస్తుంది. సన్నగా ఉండాలి, గాలికి వణకాలి, పక్కనున్న చెట్టును చూసి అల్లుకుపోవాలి. కాళిదాసు శాకుంతలంలో వనజ్యోత్స్న అనే నవమల్లిక తియ్యమామిడిని వరించిన నాటి నుంచి మన ప్రబంధాల ఉద్యానవన వర్ణనల దాకా తీగకు ఇచ్చిన పాత్ర దాదాపు ఒకటే. ఆమె ఆసరా కోరే కన్య, చెట్టు ఆసరా ఇచ్చే వరుడు. ఆ ఊహలో అందం లేదని నేననను. మల్లె, మాధవి, సన్నజాజి దానికి తగినవే. అయితే ఆ ఊహ పందిరి కింద పుట్టింది, నీళ్ళు పోసి పెంచిన తోటలో పెరిగింది. తూర్పు కనుమలెక్కి, ఒక ముసలి అడ్డతీగ మొదట్లో నిలబడి, తలెత్తి చూసినవాడికి అది ఒక్క క్షణం కూడా నిలవదు. తొడంత లావున్న కాండం నేలలోంచి లేచి, ఏ చెట్టునూ ఆనుకోకుండా, మధ్యలో ఎక్కడా కొమ్మ వెయ్యకుండా, వంద అడుగుల దాకా నేరుగా పైకి పోయి ఆకుల్లో మాయమవుతుంది. ఇక్కడ ఎవరు ఎవరికి ఆసరా అన్న ప్రశ్న వేసుకోవడానికే కాసేపు పడుతుంది.

ఈ తీగను అందం కోసం చూసినవాళ్ళు తక్కువ. ఆకు కోసం చూశారు, నార కోసం చూశారు, గింజ కోసం చూశారు. చెట్లు పెంచేవాళ్ళు దీన్ని పగవాడిగా చూశారు. కనీసం మూడు జిల్లాల పెళ్ళిభోజనాలు, వ్రతాలు, సంతర్పణలు తరతరాలుగా దీని ఆకు మీద నడిచినా, మన సాహిత్యంలో దీనికి మల్లెతీగకు దక్కిన చోటులో వందో వంతు దక్కలేదు. నా దృష్టిలో తెలుగు నేల మీద సహజంగా పెరిగే తీగలన్నింటిలో దీన్ని మించిన సౌందర్యం మరొకదానికి లేదు. గురివిందను, నాభిని, మాధవిని తెలిసే ఈ మాట అంటున్నాను.

ముందు దాని చోటు చెప్పాలి. చోటు లేకుండా ఈ తీగ అర్థం కాదు. హిమాలయాల పాదాల దగ్గర మొదలై, మధ్య భారతపు అడవుల మీదుగా ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాటి తూర్పు కనుమల్లోకి దిగే పొడుగాటి అడవి దారి దీనిది. ఒడియావాళ్ళు సియాలి అంటారు. మనకు బాగా దగ్గరగా దర్శనమిచ్చేది రంపచోడవరం, మారేడుమిల్లి, అడ్డతీగల, రాజవొమ్మంగి, చింతపల్లి కొండల్లో. రాజమహేంద్రవరం నుంచి బయల్దేరి రంపచోడవరం దాటాక మైదానం అయిపోతుంది. మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. నల్లమద్ది, ఏగిస, కరక, తాని, నేరేడు, మధ్యమధ్య జీలుగు చెట్లు, వాగుల పక్కన వెదురు. ఇది పూర్తిగా సతతహరితం కాని అడవి, పూర్తిగా మోడువారిపోని అడవి కూడా. ఎండాకాలం మొదట్లో ఆకులు రాలుస్తుంది, తొలకరికి ముందే చిగురిస్తుంది. వాన బాగా పడుతుంది, నేల వాలుగా ఉంటుంది, నీరు నిలవదు. వాలు నేల, తేమ, ఎత్తైన చెట్లు, వాటి నడుమ అక్కడక్కడ వెలుతురు పడే ఖాళీలు: ఈ నాలుగూ కలిసినచోట అడ్డతీగ ఉంటుంది.

ఆ ఖాళీల దగ్గరే దీని కథ మొదలవుతుంది. గాలివానకు ఒక పెద్ద చెట్టు కూలుతుంది. అడవి కప్పులో చిల్లు పడుతుంది. నేల మీదికి ఎండ దిగుతుంది. ఎన్నాళ్ళుగానో వెలుతురు కోసం ఎదురుచూస్తున్న చిన్న మొక్కలన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. వాటితోపాటు అడ్డతీగ మొలక కూడా లేస్తుంది. దాని కొమ్మల చివర నులితీగలు జంటజంటలుగా వస్తాయి. ఒక్కొక్కటీ లోపలికి చుట్టుకుని ఉంటుంది. సన్నని పుల్ల ఏదైనా తగిలితే దాని చుట్టూ బిగిసి, కొద్ది కాలానికి కర్రగా గట్టిపడిపోతుంది. తరవాత దాన్ని విప్పడం ఎవరివల్లా కాదు. అయితే ఆ నులితీగ పట్టు పుల్లలకే పరిమితం. పెద్ద చెట్టు బోదెను అది చుట్టలేదు. అంటే ఇవాళ వంద అడుగుల మద్ది నెత్తిన కూర్చున్న అడ్డతీగ ఆ మద్దిని ముదురు చెట్టుగా చూసి ఎక్కింది కాదు. ఇద్దరూ ఒకే వెలుతురులో, ఒకే వయసులో ఎదిగారు. చెట్టు పైకి పోతూ పోతూ తన కొమ్మలను పట్టుకున్న తీగను కూడా తీసుకుపోయింది. కింది కొమ్మలు రాలిపోయాయి, పై కొమ్మలు మిగిలాయి. అందుకే ముసలి తీగ కాండం బోదెకు అంటకుండా, గాలిలో ఒంటరిగా, నిటారుగా వేలాడుతూ కనిపిస్తుంది. ఆ నిటారుతనంలో ఒక చెట్టు బాల్యమంతా దాగుంది. ఈ సంగతి తెలిశాక ఆ కాండాన్ని చూస్తే దాని అందం రెట్టింపవుతుంది. తెలియనంతవరకు అది ఒక ఆశ్చర్యం. తెలిశాక అది ఒక జీవితచరిత్ర.

కాండం గుండ్రంగా ఉండదు. వయసు పెరిగేకొద్దీ గాళ్ళు పడుతుంది, మెలికలు తిరుగుతుంది. బెరడు ముదురు గోధుమ రంగు. చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. లోపల నీటిని పైకి మోసే నాళాలు ఎంతో వెడల్పు. అంత సన్నని కాండం అన్ని వేల ఆకులకు నీళ్ళు ఎక్కించాలంటే అది తప్పదు. చెట్టు తన బరువు తాను మొయ్యాలి కాబట్టి కర్రను పెంచుకుంటుంది. తీగకు ఆ భారం లేదు, కాబట్టి దారిని పెంచుకుంటుంది. బలం ఒకచోట దాచుకోవడం చెట్టు పద్ధతి, బలాన్ని పొడుగునా పరచడం తీగ పద్ధతి. రెండో పద్ధతికి కూడా ఒక గాంభీర్యం ఉందని మన ఆలంకారికులు ఒప్పుకుని ఉంటే, లతకు ఎప్పుడో వీరరసంలో చోటు దొరికేది.

ఇక ఆకు. ఇక్కడ తొందరపడకూడదు.

అడ్డాకు పుట్టినప్పుడు మడిచి ఉంటుంది. నడిమి ఈనె వెంబడి రెండు సగాలూ ఒకదానికొకటి ఒత్తుకుని, ఎర్రటి నూగుతో మెరుస్తూ, కొమ్మ చివర వేలాడుతుంది. ముట్టుకుంటే లేగదూడ చెవి. ఆ నూగు రంగు ఎరుపూ కాదు, గోధుమా కాదు, తుప్పూ కాదు. ఏప్రిల్‌లో ఎండ ఏటవాలుగా పడితే చిగురు మీద అంచు పొడుగునా ఒక కాంతిరేఖ వెలుగుతుంది. ఆకు రోజురోజుకీ విప్పుకుంటుంది. విప్పుకునేకొద్దీ పైభాగం నూగు రాలి పచ్చబడుతుంది, అడుగుభాగం మాత్రం మెత్తటి నూగును ఉంచుకుంటుంది. అందువల్ల ముదిరిన అడ్డాకుకు రెండు ముఖాలు. పైనుంచి చూస్తే నిండు ఆకుపచ్చ, కింద నుంచి చూస్తే పొడిబారిన ఇటుక రంగు కలిసిన లేత పచ్చ. గాలి వీచినప్పుడు పైనున్న పందిరంతా ఒక ముఖం నుంచి మరో ముఖానికి మారుతుంది. చిన్న గాలి వేస్తే అక్కడక్కడ మారుతుంది, గట్టి గాలి వేస్తే కొండవాలంతా ఒకేసారి రంగు మార్చుకుంటుంది. పూలతో రంగు చూపించే తీగలు ఎన్నో ఉన్నాయి. ఆకుతోనే ఇంత రంగు చూపించేది ఇదొక్కటే.

దాని కొలత మరో అందం. చిన్న ఆకు జానెడుంటే పెద్దది మూరెడు. ఒకే కొమ్మ మీద ఈ రెండు కొలతలూ, వాటి నడుమ ఉన్న కొలతలన్నీ కనిపిస్తాయి. తొడిమ దగ్గర గుండె ఆకారంలో లోతుగా నొక్కుకుని ఉంటుంది. అక్కణ్ణుంచి పదికి పైగా ఈనెలు విసనకర్ర తీరున అన్ని వైపులకూ పరుచుకుంటాయి. మధ్య ఈనె మిగతావాటంత ముందుకు పోదు. అది పోనంత మేర ఆకు చివర చీలి రెండు తమ్మెలవుతుంది. స్వీడన్ పండితుడు లిన్నేయస్ ఈ జాతి పేరును వివరిస్తూ, ఆ రెండు తమ్మెల్లో బౌహిన్ అన్నదమ్ములను చూశాడు. యోహాన్, కాస్పర్ అనే ఆ ఇద్దరూ 16, 17 శతాబ్దాల వృక్షశాస్త్రజ్ఞులు. మన అడ్డతీగకు బౌహీనియా వాహ్లీ అన్న పేరు 1834లో వైట్, ఆర్నాట్ పెట్టారు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దాన్ని ఫనేరా వాహ్లీ అంటున్నారు.

లిన్నేయస్‌కు అన్నదమ్ములు కనిపించారు సరే, తెలుగు చదువుకున్నవాడికి ఆ ఆకులో ద్విపద కనిపిస్తుంది. రెండే పాదాలు, రెండూ సమానం, నడుమ ప్రాస కలిపే ఒక చీలిక. అంతటితో ఒక ఆకు పూర్తయింది. ఆ వెంటనే ఇంకొకటి, దాని వెంట ఇంకొకటి. ద్విపదకు ముగింపు దాని ఛందస్సులో లేదు. సీసం ఎత్తుగీతితో ముగిసి తలుపు వేసుకుంటుంది, ద్విపద ఎంతదూరమైనా సాగుతుంది. పాల్కురికి సోమన బసవపురాణానికి, గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణానికి దాన్ని ఎంచుకున్నది ఆ సాగే గుణం కోసమే, పదిమంది నోళ్ళలో ఆడే గుణం కోసమే. అడ్డతీగ కూడా అంతే. ఒక్కొక్క ఆకూ తనంతట తాను నిండుగా ఉంటుంది. ఏ ఆకూ మిగతావాటిని మించాలని చూడదు. కొమ్మ మీద ఒకటి ఇటు, ఒకటి అటు, వరుస తప్పకుండా పేర్చుకుంటూ పోయి, చివరికి ఒక చెట్టు నెత్తిన మరో అడవిని నిలబెడుతుంది. ఒక్క పద్యాన్ని చెక్కుతూ కూర్చునే కవి చేతిలోంచి ఈ తీగ రాలేదు. రాత్రంతా పాడగల గొంతులోంచి వచ్చింది.

వాన పడినప్పుడు దాని కింద నిలబడాలి. తొలి చినుకులు వెడల్పాటి ఆకుల మీద పడే చప్పుడుకు వేరే శ్రుతి. చింత మీద వాన పడితే చప్పుడే వినిపించదు, ఆకులు మరీ చిన్నవి. అడ్డాకు మీద ప్రతి చినుకూ విడిగా మోగుతుంది. వాన ముదిరాక ఆ మోతలన్నీ కలిసిపోయి, మనిషి మాట మనిషికి వినపడనంత గట్టి ధ్వని అవుతుంది. అప్పటికీ కింద నేల పెద్దగా తడవదు. నీరు ఆకు గుండెలోకి జారి, తొడిమ మీదుగా కొమ్మకు, కొమ్మ నుంచి కాండానికి దారి పట్టి, చివరికి మొదట్లో సన్నటి ధారగా దిగుతుంది. వాన ఆగాక కూడా చాలాసేపు ఆ ధార ఆగదు.

పువ్వు గురించి క్లుప్తంగానే చెప్తాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొమ్మల చివర గుత్తులు వస్తాయి. తెల్లటి రేకులు, అంచులు ముడతలు, వీపు మీద పట్టునూగు. విచ్చిన రోజు తెలుపు, వాడే వేళకు వెన్న రంగు, ఆ తరవాత పసుపు. కాబట్టి ఒకే గుత్తిలో మూడు వయసుల పూలు మూడు రంగుల్లో ఉంటాయి. దగ్గర నుంచి చూస్తే అందమైన పువ్వే. అయినా దీని పువ్వును చూడవలసింది దగ్గర నుంచి కాదు. ఘాట్ రోడ్డు మీద ఎత్తైన మలుపు దగ్గర ఆగి లోయలోకి చూడాలి. మద్ది ఏదో, ఏగిస ఏదో విడిగా గుర్తుపట్టలేని పచ్చదనం మీద వెడల్పుగా, అంచులు లేకుండా, తెలుపు పరుచుకుని ఉంటుంది. ఒక తీగే నాలుగైదు చెట్లను కలిపి ఒక్క పూలమేడ చేస్తుంది. మాధవీలత వాసనతో పిలుస్తుంది, నాభి మంటల రంగుతో పిలుస్తుంది. అడ్డతీగ ఎవరినీ పిలవదు. దాని పూత అడవి కప్పుకు, ఆకాశానికి మధ్య జరిగే వ్యవహారం. తేనెటీగలకు తెలుసు. మనకు ఎత్తు మీద నిలబడితే తప్ప తెలియదు.

కాయలో మాత్రం నాటకం ఉంది. జానెడు దాటి మూరకు దగ్గరపడే పొడవు, మూడు నాలుగు వేళ్ళ వెడల్పు, బల్లపరుపు, కర్రంత గట్టిది. మళ్ళీ అదే తుప్పురంగు నూగు, చిగురులో మనం చూసిందే. చిగురుకు వేసిన పట్టుబట్టనే కాయకూ వేసింది తీగ. ఆరంభాన్నీ అంతాన్నీ ఒకే రంగుతో ముడివేసే ఇలాంటి నేర్పు మంచి ప్రబంధాల్లో కూడా అరుదు. కాయ నెలల తరబడి చెట్టు మీదే ఎండుతుంది. ఎండ తీవ్రమైనప్పుడు రెండు చెక్కలూ ఎదురెదురు దిశల్లో మెలి తిరగాలని చూస్తాయి. కలిపి ఉంచిన అతుకు ఆపినంత సేపు ఆపి, ఇక ఆపలేక తెగుతుంది. మధ్యాహ్నపు నిశ్శబ్దంలో గట్టి పేలుడు వినిపిస్తుంది. గింజలు గాలిలోకి ఎగిరి దూరంగా పడతాయి. చెక్కలు మెలికలు తిరిగి నేలకు రాలుతాయి. కొండ మనుషులకు ఆ చప్పుడు మామూలే, తల కూడా తిప్పరు. మొదటిసారి విన్నవాడు మాత్రం నిలబడిపోతాడు. బల్లపరుపుగా, ముదురు గోధుమ రంగులో మెరిసే ఆ గింజలను ఏరి, నిప్పుల మీద వేయించి పిల్లలు తింటారు.

ఇప్పుడు రసం మాట. భరతుడు వీరం నుంచి అద్భుతం పుడుతుందన్నాడు. ఆ సూత్రానికి అడవి ఇచ్చిన ఉదాహరణ ఈ తీగ. కాండం దగ్గర నిలబడినప్పుడు మనలో లేచేది ఉత్సాహం. వెలుతురు కోసం ఇంత దూరం ఇంత ఓర్పుతో పోయినదాన్ని చూస్తే వెన్ను నిటారవుతుంది. అది వీరానికి స్థాయి. చూపు కాండం వెంట పైకి పాకి, ఆకుల్లోకి చేరి, ఒక కొమ్మ నుంచి ఇంకో చెట్టుకు, అక్కణ్ణుంచి మరో చెట్టుకు పోతూ ఎక్కడా ఆగే చోటు దొరకనప్పుడు ఆ ఉత్సాహమే విస్మయమవుతుంది. అది అద్భుతానికి స్థాయి. ఒకే ఆలంబనం, రెండు రసాలు, రెంటి మధ్య చూపు ప్రయాణించే దూరం మాత్రమే తేడా. శృంగారానికే అంటగట్టిన లతను వీరాద్భుతాల్లోకి తీసుకురావడానికి ఇంతకన్న బలమైన సాక్ష్యం నాకు తెలిసి లేదు. దీన్ని వర్ణించడానికి ఉపమ కన్న స్వభావోక్తే తగిన అలంకారమని కూడా నేను నమ్ముతాను. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. పోలిక తెచ్చిన ప్రతిసారీ అది కొంత చిన్నదవుతుంది.

భయానకం కూడా ఉంది. దాన్ని దాచకూడదు. అడ్డతీగ పందిరి కింద పడిన చెట్టుకు వెలుతురు తగ్గుతుంది. ఆ బరువుకు కొమ్మలు విరుగుతాయి. లేత చెట్లు వంగిపోతాయి. ఒక చెట్టు కూలితే తీగ ముడివేసిన పక్క చెట్లను కూడా లాక్కుపోతుంది. కలప కోసం అడవిని పెంచే శాఖలు బ్రిటిష్ కాలం నుంచి తీగలు నరికించడాన్ని ఒక క్రమబద్ధమైన పనిగా పెట్టుకున్నది అందుకే. నరికితే ఇది చావదు, మోడు నుంచి మళ్ళీ కొమ్మలు వేస్తుంది. మీటరు లెక్కన కలప కొలిచేవాడికి ఇది శత్రువనడంలో అబద్ధం లేదు. కాని అడవి కలప డిపో కాదు. చెట్టు నుంచి చెట్టుకు నేల మీద దిగకుండా పోయే పెద్ద ఉడుతకు ఈ తీగలే వంతెనలు. కూలిన చోటే మళ్ళీ ఎండ దిగుతుంది, మళ్ళీ మొలకలు లేస్తాయి. తీగ చెట్టును కూల్చి తెరిచే ఖాళీ, తీగ పుట్టిన ఖాళీ ఒకటే. భయానకాన్ని కూడా తనలో కలుపుకుని నిలిచిన అద్భుతమే గొప్ప అద్భుతం. భయపెట్టే గుణమంతా కత్తిరించి చదును చేసిన అడవిని నేను సౌందర్యం పేరుతో మెచ్చుకోలేను.

ఈ తీగ రసం కంటితో ఆగిపోదు, నాలుక దాకా వస్తుంది. కొండల్లో దాని ఆకు లేని ఇల్లు లేదు. దొప్ప మడిచి జీలుగు కల్లు తాగుతారు, అంబలి తాగుతారు. వెదురు చట్రం మధ్య ఆకులు పేర్చి వానకు గిడుగు చేసుకుంటారు. కాండం బెరడు ఒలిచి, నార తీసి తాళ్ళు పేనుతారు. అడ్డనారతో కట్టిన కట్టె మోపు కొండ దిగేదాకా జారదు. ఆకులు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకు తెస్తారు. గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయాల్లో అడ్డాకు కూడా ఉంది. అక్కణ్ణుంచి అవి మైదానానికి దిగి, సన్నని పుల్లలతో కుట్టుకుని విస్తళ్ళవుతాయి. కుట్టే చేతులను చూడండి. ఆకు అంచు మీద అంచు వేసి, పుల్ల గుచ్చి, విరిచి, మళ్ళీ గుచ్చడం. ఎక్కువసేపు పట్టదు. గుండ్రం ఎక్కడా చెడదు. కొలబద్ద లేదు, గీత లేదు. నాలుగైదు ఆకుల ఈనెలు మధ్యలోంచి అంచులకు పరుచుకుని, విస్తరి మధ్య ఒక నక్షత్రం తీరుతుంది. పప్పు, అన్నం వడ్డించాక ఆ నక్షత్రాన్ని ఎవరూ చూడరు. వడ్డనకు ముందు నీళ్ళు చల్లి తుడిచినప్పుడు ఒక్కసారి కనిపిస్తుంది.

వేడి అన్నం పడగానే ఎండిన అడ్డాకు మెత్తబడి ఒక వాసన వదులుతుంది. పచ్చి వాసన కాదు, పొగ వాసన కాదు, ఎండలో ఎండిన అడవి వాసన. పులుసు ఆ వాసనను పుచ్చుకుంటుంది, నెయ్యి ఇంకా ఎక్కువగా పుచ్చుకుంటుంది. అన్నవరం వెళ్ళొచ్చినవాళ్ళకు ఈ మాట వివరించనక్కర్లేదు. సత్యదేవుని ప్రసాదం గోధుమరవ్వ, నెయ్యి, యాలకులతో వండి వేడిగా ఆకులో పొట్లం కడతారు. కొండ దిగి, బస్సెక్కి, ఇంటికొచ్చి విప్పేసరికి ఆకు, నెయ్యి, తీపి ఒకటైపోయి ఉంటాయి. అదే ప్రసాదాన్ని స్టీలు గిన్నెలో పెట్టుకు తింటే రుచి తగ్గిందనిపిస్తుంది. ఆ తగ్గినది ఊహ కాదు, ఆకు. రత్నగిరి మీద దేవుడికి, అడ్డతీగల కొండల్లో గిరిజనుడికి మధ్య ఇలా ఒక తీగ బంధుత్వం కలిపింది. ఆ బంధుత్వాన్ని తిన్నవాళ్ళంతా రుచి చూశారు, గుర్తించినవాళ్ళు కొందరే.

అడ్డతీగల ఊరి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1922 అక్టోబరు 15న అల్లూరి సీతారామరాజు దళం ఆ ఊరి పోలీసు స్టేషన్ మీదికి వచ్చింది. అంతకు ముందు ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో చేతికి చిక్కాయి. ఆ తిరుగుబాటు వెనకున్న కోపాల్లో ఒకటి 1882 మద్రాసు అటవీ చట్టం. పోడు కొట్టుకోవడానికి, అడవి ఫలసాయం ఏరుకోవడానికి కొండ మనిషికి తరాలుగా ఉన్న హక్కును అది కుదించింది. ఆకు కోసుకోవడం కూడా ఒకరి అనుమతితో చెయ్యవలసిన పని అయింది. చిన్న అటవీ ఫలసాయం మీద గిరిజనులకు యాజమాన్య హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకోవడానికి వందేళ్ళకు పైగా పట్టింది. అడ్డాకు అందాన్ని మెచ్చుకునేవాడు ఈ చరిత్రను పక్కకు నెట్టి మెచ్చుకోలేడు. ఆ ఆకు ఎవరి చేతుల్లోంచి మన విస్తట్లోకి వస్తుందో, ఆ చేతుల మీద జరిగిన తగువు అది.

ఇప్పటి ప్రమాదం వేరు. విందుల్లోకి ప్లాస్టిక్, థర్మోకోల్ పళ్ళేలు వచ్చి విస్తళ్ళను తరిమేశాయి. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే అలాంటి పళ్ళేలను దేశమంతటా నిషేధించారు. వాటి చోటులో మెరుపు పూత పూసిన కాగితం పళ్ళేలు వచ్చాయి. అందం దృష్టితో చూసినా ఇవి పేదవి. ప్రతి పళ్ళెమూ ఒకే రకం, వాటికి ఈనెలు లేవు, వాసన లేదు, అడవి జాడ లేదు. అడ్డాకు విస్తళ్ళలో ఏ రెండూ ఒకటి కావు. ఒకదానిలో ఆకులు కాస్త ముదురుగా, ఇంకొకదానిలో తుప్పురంగు ఎక్కువగా, మరొకదానిలో ఈనెలు వంకరగా ఉంటాయి. ఒక పంక్తిలో వందమంది కూర్చుంటే వంద వేరువేరు ఆకుల కూర్పులు పరిచినట్టు. తిని మడిచి పారేస్తే ఆవు తింటుంది, మిగిలింది మట్టిలో కలుస్తుంది.

ఆకు అడిగేవాళ్ళు తగ్గితే తీగకు మంచిదేగా అని కొందరంటారు. నేను ఒప్పుకోను. కొండ కుటుంబానికి అడ్డతీగ ఆదాయమైనంత కాలం దాన్ని మొదలంటా నరకనివ్వరు. ఆకు కోస్తారు, కొమ్మ ఉంచుతారు, మళ్ళీ ఏడాది వస్తారు. ఆకుకు ధర పోయినరోజు తీగ వట్టి అడ్డంకిగా మిగులుతుంది. జీడితోటకో, కలప మొక్కలకో చోటివ్వడానికి దాన్ని మొదట కొట్టేస్తారు. కోత పద్ధతి కూడా ముఖ్యమే. పైనున్న ఆకు అందలేదని తీగనే కోసి కిందికి లాగడం కొన్నిచోట్ల జరుగుతోంది. ముప్పై నలభై ఏళ్ళు ఎదిగినదాన్ని ఒక సంత కోసం పడెయ్యడం అది. కొమ్మ వంచి కోసిన ఆకుకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే కొనుగోలుదారు ఉంటే ఆ పద్ధతి దానంతట అదే తగ్గుతుంది.

కాబట్టి చదివేవారికి నావి రెండు మనవులు. మీ ఇంట శుభకార్యానికి వంటవాళ్ళతో మాట్లాడేటప్పుడు అడ్డాకు విస్తళ్ళు కావాలని ముందే చెప్పండి. కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ దొరుకుతాయి, నెల ముందు అడిగితే చాలు. రెండోది, మే నెలలో మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు వెళ్ళేవాళ్ళు ఘాట్ మీద ఒక ఎత్తైన మలుపు దగ్గర బండి పక్కకు ఆపి, దిగి, లోయలోకి చూడండి. పూత జూన్ దాకా ఉంటుంది.